చెల్లని యాభై ఏడు

మా నియోజకవర్గం ఒకప్పుడు ఎంత పెద్దదో చెబితే మీరు నమ్మరు. నమ్మకపోవడమే మంచిది. నా మాట నమ్మినవాళ్ల గతి ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఒక చివర మా కొండల్లో జనం మంచును పారలతో ఎత్తిపోస్తుంటే, రెండో చివర ఇరిహామ రేవులో చొక్కాలు విప్పుకుని విసనకర్రలు ఊపుకునేవారు. మా తాతల కాలంలో ఒక అభ్యర్థి నల్లజుట్టుతో ప్రచారానికి బయల్దేరాడట. అన్ని ఊళ్లూ తిరిగి ఇల్లు చేరేసరికి తల ముగ్గుబుట్ట అయింది. పెళ్లాం గుర్తుపట్టలేదు. గుమ్మంలోనే ఆపి, "మా ఇంటి ఓట్లు మా ఆయనకేనండీ, మీరు వెళ్లిరండి" అందట.

ఆ పెద్ద నియోజకవర్గానికి నాలుగు సీట్లు. మనిషికి ఒకే ఓటు. ఎక్కువ ఓట్లొచ్చిన మొదటి నలుగురూ గెలిచినట్టే. రేవు పట్నంవాళ్లు ఎంత మంది ఉన్నా ముగ్గురిని గెలిపించుకునేసరికి అలిసిపోయేవారు. నాలుగోవాడు మా లోయవాడు. దాదాపు యాభై ఏళ్లు అలాగే జరిగింది. రేవువాళ్లు మమ్మల్ని తోక అని వెక్కిరించేవారు. తోకే కావచ్చు. ఆవు మీద ఈగలు తోలేది మాత్రం తోకే కదా. మా వంతెన, మా ఆసుపత్రి, రోజుకు ఆరుసార్లు తిరిగే మా బస్సు, అన్నీ ఆ నాలుగోవాడు తెచ్చినవే.

తర్వాత చట్టం మారింది. ఒక నియోజకవర్గానికి ఒకే సీటు అన్నారు. పాత దాన్ని ముక్కలు చేసి కొత్త పటం గీశారు. ఆ గీత సరిగ్గా మా నిగొరి నది మధ్యలో పడింది. గీసినాయన మా వంతెన ఒక్కసారి ఎక్కి ఉంటే అలా గీసేవాడు కాదు. ఎడమ గట్టున మా కమిసావ, ఇరిహామ రేవుతో కలిసి రెండో నియోజకవర్గంలోకి వెళ్లింది. కుడి గట్టున షిమొసావ నాలుగో దాంట్లోకి పోయింది. మా ఆవిడ ఫుమి పుట్టిల్లు షిమొసావ. "ఇక నుంచి మావాళ్లు పరాయి నియోజకవర్గంవాళ్లు. వాళ్లను తిట్టే హక్కు మీకు లేదు" అని ఆ సాయంత్రమే తేల్చిచెప్పింది.

నవ్వుకున్నాం గానీ, లోయ ఓట్లు సగం నది దాటిపోయాయని అందరికీ తెలుసు. అప్పుడే నా స్నేహితుడు తొకుజి నిలబడ్డాడు.

తొకుజీ నేనూ ఒక ఈడువాళ్లం. ఒకే బల్ల మీద చదివాం, ఒకే కాలవలో పడి ఒకే తాడు పట్టుకుని బయటికొచ్చాం. వాడు చదువులో పడ్డాడు, నేను కబుర్లలో పడ్డాను. పన్నెండేళ్లు ఊరి పెద్దగా చేశాడు. వాడు జన్మలో అబద్ధమాడలేదు. ఆడాల్సి వస్తే నన్ను పిలిచేవాడు. "ఒరేయ్ కొలిమీ, ఆ పట్నం ఆఫీసరుకు మన ఊళ్లో ఎలుగుబంట్లు ఎన్ని ఉన్నాయో నువ్వు చెప్పరా" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. బడికి కంచె మంజూరయ్యేది.

కొలిమి అంటే మా ఇంటిపేరు కాదు. మా కమిసావలో అందరి ఇంటిపేరూ మొమోసెయే. పోస్టుమాను, పూజారి, మంగలి, అందరూ మొమోసెలే. అందుకని ఇంటి గుర్తుతో పిలుచుకుంటాం. మాది కమ్మరి కొలిమి కనుక నేను కొలిమి. తొకుజీ వాళ్ల ముత్తాత నీటిచక్రంతో వడ్లు ఆడించేవాడు కనుక వాడు నీటిచక్రం. ఊళ్లో సగం మందికి వాడి అసలు పేరు పోస్టర్లు అంటించాకే తెలిసింది.

చిక్కు అక్కడే వచ్చింది. ఇరిహామ రేవు నుంచి నిలబడ్డ డాక్టరుగారబ్బాయి కూడా మొమోసె. మొమోసె యసునొరి. మాకూ వాళ్లకూ ఏ చుట్టరికమూ లేదు, ఏ కాలంలోనో కొండ దిగిపోయిన మొమోసెలు. మా దేశంలో ఓటంటే చీటీ మీద పెన్సిలుతో అభ్యర్థి పేరు రాయాలి. ఒకే ఇంటిపేరువాళ్లు ఇద్దరుండి, ఓటరు ఉత్త ఇంటిపేరే రాస్తే, ఆ ఓటును పారెయ్యరు. ఆ ఊళ్లో ఇద్దరికీ వచ్చిన మిగతా ఓట్ల నిష్పత్తిలో దాన్ని కోసి దశాంశాల్లో పంచుతారు. ఇది నా కట్టుకథ కాదు, చట్టం.

ఎన్నికకు వారం ముందు, ఊరి సావిడిలో ఆడవాళ్లంతా చేరి ముల్లంగి దుంపలు తాళ్లకు కట్టి ఊరగాయ కోసం ఆరేస్తున్నారు. తొకుజీ తరఫున ఈ దశాంశాల సంగతి చెప్పి రమ్మని నన్ను పంపారు. ఇంతకంటే తెలివితక్కువ పని వాళ్ల ప్రచారంలో ఇంకొకటి జరగలేదు.

"పూర్తి పేరు రాయండమ్మా. ఉత్త మొమోసె అని రాస్తే మన ఓటు కోసి అవతలాయనకు ముక్క పెడతారు" అన్నాను.

"ఓటేమైనా తోఫూ దిమ్మా, కత్తిపెట్టి కొయ్యడానికి?" అంది మంగలివాళ్ల కోడలు. సావిడంతా నవ్వులు.

"నిజమే తల్లీ. మనాడికి సున్నా పాయింటు తొమ్మిది, వాడికి సున్నా పాయింటు ఒకటి."

"అబ్బో, పాయింట్లు కూడానా! ఈయన అబద్ధానికి ఈమధ్య లెక్కలు కూడా తోడయ్యాయర్రా."

"ఈసారి మనిషికి ఒక చీటీ, పార్టీకి ఒక చీటీ, రెండు ఓట్లు ఇస్తారు, తెలుసా?"

"పోవయ్యా కొలిమీ! ఇంకాసేపుంటే మూడంటావు."

మూడే ఉన్నాయి నిజానికి. పెద్ద కోర్టు జడ్జీలను ఉంచాలా వద్దా అని ఇంకొకటి. చెప్పలేదు, కొడతారని.

ఆ సంవత్సరం అంతే. నిజాలన్నీ నా కథలకంటే వింతగా ఉన్నాయి. నది మధ్య గీత, రెండేసి ఓట్లు, ముక్కలయ్యే చీటీ. నేను నిజం చెప్పి నవ్వులపాలవడం అదే మొదటిసారి. ఉక్రోషం వచ్చింది. సరే, వీళ్లకు అలవాటైన సరుకే ఇద్దామనుకున్నాను.

"అయితే ఇది వినండి. లెక్క అయ్యాక ఎవరి చీటీలు వాళ్లకు గుడ్డలో మూటకట్టి ఇంటికి పంపుతారు. గెలిచినా ఓడినా ఆ రాత్రి కూర్చుని ఒక్కొక్కటీ చదవాలి, అది ఆచారం. వెనకటి మెంబరుగారు అలా చదువుతుంటే ఒక చీటీలో, పేరు కింద, 'అయ్యా, మా వంతెన ఊగుతోంది' అని ఉందట. ఏ ముసలమ్మ రాసిందో! ఆయన ఆ చీటీని కళ్లకద్దుకుని పొద్దున్నే సిమెంటు పంపాడు. మన వంతెన అలా వచ్చిందే."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. వంతెన కిటికీలోంచి కనబడుతోంది మరి.

తొకుజీ వాళ్లమ్మ ఇసె అవ్వకు అప్పటికి ఎనభై ఎనిమిదేళ్లు. మూలన కూర్చుని తాడు ముడేస్తున్నదల్లా ఆగింది.

"అన్నీ చదువుతాడా నాయనా?"

"ఒక్కటీ వదలడవ్వా."

"నా అక్షరాలు కోడిగీతలు. అవీ చదువుతాడా?"

"కళ్లజోడు పెట్టుకుని మరీ చదువుతాడు."

"నెల దాటింది వాడి మొహం చూసి" అంది అవ్వ, పక్కావిడతో. "ప్రచారం వాన్‌లో మైకు గొంతు వినబడుద్ది. తెల్ల చేతితొడుగు ఊపుతాడు. తల్లి గుమ్మం ముందు ఆగితే మిగతావాళ్లు ఏమనుకుంటారోనని ఆగడు."

ఇంటికొచ్చేదారిలో ఫుమి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మీరు చెప్పిన రెంటిలో ఏది నిజమో నాకే తెలియలేదు. రేపెళ్లి సరిచేసి రండి."

"వాళ్లకు నా సంగతి తెలియదటే? అరవై ఏళ్లుగా వింటున్నారు."

"ఏమండీ, నవ్వలేదు వాళ్లు. మీరు చూళ్లేదా?"

చూశాను. చూసి కూడా వెళ్లలేదు. ఒక కథ చెప్పి, మర్నాడు వెళ్లి అది అబద్ధమని చెప్పుకోవడం నాకు చేతకాని పని. అంత చిన్న సిగ్గు అది.

ఎన్నిక రోజు వాన పడింది. పోలింగు ఆరింటికి ముగిసింది. బడి ఆటల గదిలో బల్లలు వేసి ఏడింటికి లెక్క మొదలుపెట్టారు. తొకుజీ తరఫు సాక్షిని నేనే. సాక్షి పనేమిటంటే, గుమాస్తాలు తేల్చలేని చీటీలు తన ముందుకొస్తే చూసి మాట చెప్పాలి, కట్టలు కట్టాక వాటి మీద తన ముద్ర వెయ్యాలి. అవతలి మొమోసె తరఫున రిటైరైన కురిబయాషి మేష్టారు కూర్చున్నారు. లెక్కకు పెద్ద, బయటూరి నుంచి వచ్చి మా ఊరి ఆఫీసులో పనిచేసే షిమొదా. మంచివాడే, రూలు పుస్తకం పక్కన పెట్టుకుని పడుకుంటాడంటారు.

మొదట ఉత్త మొమోసెలు వచ్చాయి. గుట్టలుగా వచ్చాయి. మూడువందల పన్నెండు. తోఫూ దిమ్మలన్నీ కోతకు సిద్ధంగా వరసకట్టి కూర్చున్నట్టున్నాయి. అయినా మా ఊళ్లో మనాడికే ఎక్కువ కనుక పోయేది పాతికా ముప్పయ్యే అని సర్దుకున్నాను.

అప్పుడు షిమొదా ఒక చీటీ తెచ్చి మా ముందు పెట్టాడు. మొమోసె తొకుజి అని చక్కగా ఉంది. దాని కింద, 'నడుం జాగ్రత్త. రాత్రి వేణ్ణీళ్ల కాపడం పెట్టుకో' అని ఉంది.

కురిబయాషి మేష్టారు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నేనూ నవ్వాను. ఒక్క క్షణమే.

"ఇతర రాత ఉంది. చెల్లదు" అన్నాడు షిమొదా.

"అదేంటయ్యా! పేరు స్పష్టంగా ఉంది కదా. గారు అని రాస్తే చెల్లుతుంది, జాగ్రత్త అంటే చెల్లదా?"

షిమొదా పుస్తకం తీశాడు. "గౌరవంగా పిలిచే మాట ఉండొచ్చు. చేసే పని ఉండొచ్చు. ఉండే ఊరు ఉండొచ్చు. అంతకు మించి ఒక్క మాటున్నా ఎవరు రాశారో గుర్తుపట్టే వీలుంటుందని చట్టం ఒప్పుకోదు. మీకేమైనా అభ్యంతరముంటే రాసుకుంటాను."

"రాసుకో. నడుం నొప్పి ఎవరికైనా ఉంటుందని రాసుకో."

ఇంకొకటి వచ్చింది. 'ముల్లంగి ఊరాక మీకో జాడీ పంపుతాం.' ఇంకొకటి. 'మా దారిలో దీపం ఆరిపోయింది.' ఇంకొకటి. 'ఆసుపత్రిలో డాక్టరమ్మను పోనివ్వకండి, ఆమె చెయ్యి మంచిది.' ఒకాయన ఏకంగా వెనకవైపు తిప్పి తన కీళ్ల నొప్పుల చరిత్రంతా రాశాడు. ఎవరి రాతో నాకు తెలుసు. ఇంత చిన్న ఊళ్లో పెళ్లి పత్రికలన్నీ చేత్తో రాసినవే కదా.

పదో చీటీ దగ్గర కురిబయాషి మేష్టారు నవ్వడం మానేశారు. ఇరవయ్యో చీటీ దగ్గర నా వైపు చూసి మెల్లగా అన్నారు. "మీ ఊరివాళ్లకు ఇలా రాయమని ఎవరైనా చెప్పారా?"

నేను వాన చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగాను.

మామూలుగా మా ఊళ్లో చెల్లనివి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి, అవీ తాగి రాసినవి. ఆ రోజు మాటలు రాసినవే యాభై ఏడు. యాభై ఏడూ తొకుజీవే. చివర్లో ఒకటి వచ్చింది. మొమోసె తొకుజి అని ఐదేళ్ల పిల్ల రాసినట్టు, వంకర్లు పోతూ, చీటీ అంచులదాకా ఉంది. అడుగున చోటు మిగలక ఇరికించి రాసిన మాటలు: 'గెలిచినా ఓడినా రాత్రికి అన్నానికి రా.'

కోడిగీతలే. పెన్సిలు నొక్కిన చోట కాగితం చిరిగింది.

"చెల్లదు" అన్నాడు షిమొదా. ఈసారి కాస్త మెల్లగా అన్నాడు. "అభ్యంతరముందా?"

తల్లి కొడుక్కి ఓటేసింది, అది కూడా చెల్లదా అని అరవాలనిపించింది. ఎవరి ఓటో చెబితే అదో తప్పు. "లేదు" అన్నాను. యాభై ఏడూ కట్ట కట్టారు. ముద్ర బయటికి తీసి కట్ట మీద వేశాను. ఎర్ర సిరా సమంగా పడిందా లేదా అని షిమొదా వంగి చూశాడు. సమంగానే పడింది.

ఆ రాత్రి టీవీలో చెప్పారు. రెండో నియోజకవర్గంలో మొమోసె యసునొరి, మొమోసె తొకుజి మీద నూట పన్నెండు ఓట్లతో, ఆ వెనక మూడు దశాంశాలతో, గెలిచాడు. మర్నాడు సావిడిలో ఎవరో, "పాయింట్లు నిజమేరోయ్!" అన్నారు.

యాభై ఏడు నూట పన్నెండు కాదు. ఈ మాట నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ వారం తర్వాత ఊళ్లవారీ లెక్కలు పేపర్లో వచ్చాయి. కనుమకు అవతల, మా నియోజకవర్గంలోనే ఉన్న ఒకుతాని ఊళ్లో ఎప్పుడూ పదిలోపు ఉండే చెల్లని ఓట్లు ఈసారి డెబ్బై ఒకటి. మా మంగలివాళ్ల కోడలి పుట్టిల్లు ఒకుతాని. నా కథలు కొండలు దాటతాయని నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆ ఒక్కటీ బడాయి కాదని తేలింది.

ఓడినవాడు మా దగ్గర ఇంట్లో కూర్చోకూడదు. మర్నాడు పొద్దున్నే తొకుజి వానలో గొడుగు లేకుండా ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గుమ్మం ముందూ నడుం వంచి, "నా గుణం చాలకే ఓడాను. మీ కష్టం వృథా చేశాను. క్షమించండి" అన్నాడు. ఆ గుమ్మాల్లో చాలావాటి వెనకే ఆ చీటీలు రాసినవాళ్లున్నారు. వాళ్లకు తెలియదు. మా గుమ్మం ముందుకొచ్చి నాకూ అంతే లోతుగా వంగాడు. తల మీంచి నీళ్లు కారుతున్నాయి.

"లెయ్యరా తొకుజీ" అన్నాను. చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది.

"ఒరేయ్ కొలిమీ, అమ్మ దగ్గరికి నాతో రారా. ఒక్కణ్ణే వెళ్లలేను" అన్నాడు.

వెళ్లాను. ఇసె అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. తొకుజి చాప మీద రెండు చేతులూ ఆనించి తల వంచాడు. అవ్వ వాడి తడి తల తువ్వాలుతో తుడిచింది.

"పోనీలేరా. మూట వచ్చిందా?"

"ఏం మూటమ్మా?"

"చీటీల మూటరా. కొలిమివాడు చెప్పాడుగా, అందరి చీటీలూ ఇంటికి పంపుతారని, ఒక్కొక్కటీ చదువుతావని. ఊరంతా నీకు మంచిమాటలు రాశారంట. నేనూ రాశా. చదివావా?"

తొకుజి తల తిప్పి నా వైపు చూశాడు. వాడు నా కంటే తెలివైనవాడు. చెల్లని ఓట్ల లెక్క రాత్రే వాడి చేతికి వచ్చే ఉంటుంది. ఎందుకో మాత్రం తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. వాడి మొహంలో కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఏదో సర్దుకున్నట్టు, తలుపు వేసి గడియ పెట్టుకున్నట్టు అయింది ఆ మొహం.

"చదివానమ్మా" అన్నాడు.

జన్మలో వాడాడిన మొదటి అబద్ధం. నేను పక్కనున్నా వాడే ఆడాల్సి వచ్చింది.

"చదివితే మరి రాలేదేం?" అంది అవ్వ.

ఆ చీటీలో ఏముందో వాడికి తెలియదు కదా. రాత్రంతా ఇరిహామ ఆఫీసులో ఫలితం కోసం కూర్చున్నాడు. అవ్వ మూతలు పెట్టిన గిన్నెల వైపు చెయ్యి చూపించింది. రాత్రి వండిన అన్నం, చేప, పులుసు అన్నీ అలాగే ఉన్నాయి.

"అవ్వా, తప్పు నాది" అన్నాను. "నీ చీటీ నా చేతిలోనే ఆగిపోయింది. వాడికి అందేసరికి తెల్లారింది."

"నీ చేతిలోనా? అయితే ఆలస్యం కాకేం" అంది అవ్వ. పులుసు వెచ్చబెట్టడానికి లేచింది.

తొకుజి తింటుంటే నేను లేచాను. వాడు నాతో గుమ్మందాకా వచ్చాడు. ఏమైనా అంటాడని, తిడతాడని, కాలవలోకి తోస్తాడని ఆగాను. తోస్తే బాగుండేది.

"ఏం రాసింది అమ్మ?" అన్నాడు.

చెప్పాను. తలూపాడు. తర్వాత చేతులు రెండూ పక్కలకు ఆనించి, పరాయివాళ్లకు చేసినట్టు, కొలిచినట్టు వంగాడు.

"చాలా శ్రమ తీసుకున్నారు, కాన్సుకె గారూ. ఉంటాను."

నా పేరు వాడి నోట విన్నది అప్పుడే. ఒరేయ్ అని కాదు, కొలిమీ అని కాదు. గారూ అని.

ఆ తర్వాత వాడు పదకొండేళ్లు బతికాడు. ఊరి కాలవ పూడిక తీతలో పక్కపక్కనే పార పట్టాం, అవ్వ పాడెకు చెరోవైపు భుజం పట్టాం. ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడాడు. ఆసుపత్రికి డాక్టరమ్మ వారానికి రెండు రోజులు వచ్చి, ఒక రోజు వచ్చి, తర్వాత రావడం మానేసింది. బస్సు ఆరుసార్ల నుంచి రెండుసార్లకు దిగింది. వాడు గెలిచి ఉంటే ఇవన్నీ ఆగేవో లేదో నాకు తెలియదు. పటం మళ్లీ రెండుసార్లు గీశారు. ఇప్పుడు షిమొసావ, మేమూ మళ్లీ ఒకే నియోజకవర్గం. మొన్న ఎన్నికకు చీటీ అందుకుని బల్ల దగ్గర నిలబడ్డాను. అభ్యర్థుల్లో ఒక్క పేరూ నేనెరిగినవాళ్లది కాదు. ఎవరిదో ఒకరిది రాశాను, పూర్తి పేరు రాశాను, ఇంకేమీ రాయలేదు.